చెట్ల మీద ఉన్నది దూది కాదు

ఆ రోజు పొద్దున ఆ వీధిలో ఉన్నవి ఇవి: బాదం చెట్లు పదకొండు. మా నాయన దూది ఏకే మిషన్, దాన్ని తిప్పే ఒక హార్స్‌పవర్ మోటారు, రెండింటినీ రాత్రిపూట పెట్టి తాళం వేసే రేకుల పెట్టె. సగం కుట్టిన పరుపు ఒకటి. టిఫిన్ హోటలు, దాని ముందు రెండు బెంచీలు. ఇక మనుషులు: మా నాయన, హోటలాయన, బెంచీల మీద టీ తాగుతున్న నలుగురు, పక్క చెట్టు కింద పూలగంప ముందర కూర్చున్న అక్క, సైకిల్ దిగి నాయనకు సద్ది టిఫిన్ అందిస్తున్న నేను. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, కాలిన బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపులో పనికి కుదిరి ఉన్నాను. వీటన్నిటితో పాటు ఇంకొకటి కూడా ఉంది. అది ఎప్పుడు వచ్చిందో మాలో ఎవరూ చూడలేదు. బాదం ఆకుల అడుగున తెల్లటి నూగు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఎండాకాలం అది. అనంతపురంలో వాన లేని ఏడాది అని వేరుగా చెప్పనక్కరలేదు.

హోటలాయన ఒక టీ గ్లాసు ఎత్తి పట్టుకుని మా నాయన దగ్గరికి వచ్చాడు. టీ మీద తెల్లటి పోగు ఒకటి తేలుతోంది.

"సాయిబూ, యాడ చూసినా నీ దూదే. టీలో దూది, చట్నీలో దూది. ఇప్పుడు చెట్లకు గూడా పట్టిచ్చినావు."

నాయన మిషన్ ఆపి తల పైకెత్తాడు. అందరం ఎత్తాం. ఎండకు ఎదురుగా చూస్తే ప్రతి ఆకు అడుగునా తెల్లగా, ఎవరో సున్నంలో వేలు ముంచి సుడులు తిప్పినట్టు గీతలు. వాటి మీద నూగు. గాలి వీస్తే ఆ నూగు తునకలు తునకలుగా రాలుతోంది.

"నా దూది కిందికి పడతాదప్పా," అన్నాడు నాయన. "చెట్టెక్కి ఆకు అడుగున గూడు కట్టుకోదు."

"గాలికి పోతాది కదా."

"గాలికి పోయింది ఆకు పైన పడాల. అడుగున ఎట్ల నిలుస్తాది?"

"అదంతా నాకెందుకు? తెల్లగా ఉండాది, మెత్తగా ఉండాది. ఈ వీధిలో తెల్లగా మెత్తగా ఉండేదాంతో యాపారం చేసేది ఎవురు?"

పూలక్క గంపలోంచి తల ఎత్తకుండానే అంది: "నా మల్లెపూలు గూడా తెల్లగా, మెత్తగానే ఉంటాయి. నన్ను గూడా ఒక మాట అను, సరిపోతాది."

బెంచీల మీదివాళ్ళు నవ్వారు. హోటలాయన నవ్వలేదు. ఆ టీ మా నాయన కాళ్ళ దగ్గర పారబోసి వెళ్ళాడు.

దూది ఏకడం మా ఇంటి పని. మమ్మల్ని దూదేకులోళ్ళంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది తెలుగు, శుక్రవారం పోయేది మసీదుకు. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి ఇంటి ముందర కూర్చుని ఏకి పరుపు కుట్టి ఇచ్చేవాడు. నాయన మిషన్ కొని ఆ చెట్టు కింద నిలబడ్డాడు. చెట్టు కింద ఎందుకంటే, కారణాలు మూడు. గదిలో మిషన్ నడిపితే ఆ ధూళికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. బయలు నేల మీద నడిపితే దూది గాలికి పోతుంది. ఎండలో కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుట్టడం అనంతపురంలో మనిషికి సాధ్యం కాదు. పెద్ద చెట్టు, వెనక గోడ, ఆ గోడకూ చెట్టుకూ మధ్య గాలి దూరని మూల. అదే ఆయన షాపు. అద్దెకు షాపు తీసుకున్నవాడికి షాపు పోతే ఇంకొక షాపు దొరుకుతుంది. అలాంటి మూల ఊళ్ళో ఇంకొకటి లేదు. నేను సైకిల్ మీద తిరిగి వెతికాను కాబట్టి చెప్తున్నాను.

పొద్దున గోడ పక్కన, మధ్యాహ్నం మాను చుట్టూ, సాయంత్రం రోడ్డు వైపు. నీడ జరిగిన కొద్దీ ఆయన చాప జరిగేది. టైము అడిగినవాళ్ళకు చాప ఎక్కడుందో చూసి చెప్పేవాడు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు.

ఇక ఆ తెలుపు గురించి. మొదట నూగు మాత్రమే. తర్వాత బంక. ఆకుల మీద నూనె రాసినట్టు మెరుపు, కింద పెట్టిన స్కూటరు సీటు మీద జిగురు, బెంచీ మీద జిగురు, లేచేటప్పుడు లుంగీ బెంచీని విడిచిపెట్టదు. ఆ తర్వాత ఆ బంక మీద మసి పట్టినట్టు నల్లటి బూజు. దాంతో పాటు చీమలు. మాను పొడవునా ఎర్రచీమల దారులు రెండు, ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి. వేరుశనగకు పేనుబంక పడితే ఎలా ఉంటుందో ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ పేనుబంకకు ఇంత తెలుపు ఉండదు. అందుకే జనం ముందర ఉన్న రెంటినీ కలిపారు. పైన తెలుపు, కింద దూదేకుల సాయిబు. లెక్క సరిపోయింది.

ఆ మాట ఎంత తొందరగా పాకిందంటే, బత్తలపల్లె ఆటో డ్రైవర్లు కూడా మా చెట్టు దగ్గరికి వచ్చేసరికి "దూదిరోగం స్టాపు!" అని కేక వేసేవాళ్ళు. మా నాయన మొహం మీద చెప్పినవాళ్ళు తక్కువ. కానీ పరుపు ఆర్డరు ఇవ్వడానికి వచ్చి, పైకి చూసి, మళ్ళీ వస్తామని పోయినవాళ్ళు ఉన్నారు.

మిషన్‌కు కరెంటు వచ్చేది హోటలు గోడలోంచి. నెలకింత అని నాయన తన వాటా ఇచ్చేవాడు. ఒకరోజు మిషన్ ఆగిపోయింది. నేను వెళ్ళి చూస్తే గోడ మీది ఫ్యూజు పీకేసి ఉంది.

"పీకినా," అన్నాడు హోటలాయన దోసె తిప్పుతూ. "ఆ మిషన్ ఆగితే చెట్లకు నయమైతాదో లేదో చూస్తాం."

"మామా, అది దూది కాదు," అన్నాను.

"నువ్వు డాక్టరు చదివినావా, ఇంజనీరు చదివినావా?"

"డిప్లొమా."

"అయితే మోటార్లు చుట్టుకో పో."

మరునాడు నాయన ఇంట్లో అటక మీది నుంచి తాత విల్లు దించాడు. మనిషి ఎత్తు ఉంటుంది అది. నారి తెగిపోయి ఉంటే కొత్తది బిగించాడు. చెట్టు కొమ్మకు తాడుతో వేలాడదీసి, కొయ్య సుత్తితో నారిని కొట్టడం మొదలుపెట్టాడు. టుంయ్, టుంయ్, టుంయ్. మిషన్ మోతకు అలవాటు పడిన వీధి ఆ చప్పుడుకు తలలు తిప్పింది. మిషన్ గంటలో చేసే పనికి విల్లుతో దాదాపు పూట పడుతుంది. ఆయన వయసుకు ఆ పని సరిపోదు. సాయంత్రం కుడి భుజం ఎత్తలేక ఎడమ చేత్తో అన్నం తినబోతే అమ్మ తిట్టి తనే కలిపి పెట్టింది.

"పోయి కాళ్ళు పట్టుకోరాదా ఆయప్పవి, కరెంటు ఇస్తాడు," అంది అమ్మ.

"చెయ్యి నొప్పి పుట్టినాది గానీ, కాళ్ళు పట్టుకునేంత నొప్పి కాదు," అన్నాడు నాయన.

మిషన్ ఆగినా చెట్ల మీద తెలుపు ఆగలేదు. ఇంకా పెరిగింది. హోటలు ముందరి రెండు చెట్లకే అన్నిటికన్నా ఎక్కువ. ఊళ్ళో ఇంకొక మూల, దూదేకులవాళ్ళు ఎవరూ లేని చోట, ఒక ఆఫీసు ఆవరణలో బాదం చెట్లకు, జామ చెట్లకు కూడా అదే తెలుపు నా కళ్ళతో చూశాను. అయినా ఇవన్నీ నోటితో చెప్తే వినేవాళ్ళు లేరు. నాకు ప్రాక్టికల్స్‌లో నేర్పింది ఒకటే. రెండు వస్తువులు ఒకటేనా కాదా అని అనుమానం వస్తే రెంటినీ ఒకే పరీక్షకు పెట్టు.

ఒక పొద్దున జనం బెంచీల మీద ఉన్నప్పుడే పెట్టాను. ఒక సీసా మూతలో నాయన ఏకిన దూది. ఇంకొక మూతలో ఆకు అడుగు నుంచి గీకిన నూగు. అగ్గిపుల్ల గీసి దూదికి పెట్టాను. భగ్గున మండింది, కాయితం కాలిన వాసన, కొంచెం బూడిద. రెండో పుల్ల నూగుకు పెట్టాను. మండలేదు. ముడుచుకుని, కరిగి, మూతకు అంటుకుని మెరిసింది. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన.

"మైనం," అన్నాను. "దూది కాదు. పురుగు వంటి మీది మైనం. దగ్గర పెట్టుకుని చూడండి, కదులుతాండాయి."

ఆకు ఒకటి తుంచి అందరికీ తిప్పాను. మా షాపులో సన్నటి వైండింగ్ తీగ చూసుకునే భూతద్దం కూడా తెచ్చాను. బెంచీ మీది ఒకాయన అందులోంచి చూసి ఆకును దూరంగా విసిరేశాడు. "థూ, పేలు! రెక్కలున్న పేలు!"

నేను గెలిచాననుకున్నాను. హోటలాయన కూడా చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం నా చేతిలో పెట్టాడు.

"సరేప్పా, దూది కాదు. ఒప్పుకుంటా. దూది అయ్యింటే మీ నాయనను పంపిస్తే సరిపోతాండె. పురుగంటావు కదా, అయితే చెట్లే పోవాల."

అంతే. అందరూ సరే, నిజమే అన్నారు. చెట్లు కొట్టించేద్దాం, ఎండ పడితే పురుగు ఉండదు, షాపుల బోర్డులు కూడా బాగా కనిపిస్తాయి.

నేను మూతలు రెండూ తీసుకుని నాయన దగ్గరికి వచ్చాను. ఆయన విల్లు ఆపి నా వైపు చూశాడు.

"బాగా గెలిచినావప్పా," అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు, కోపంగా కాదు. మళ్ళీ నారిని కొట్టాడు.

పురుగుమందుల షాపుకు ఆకు తీసుకుపోయి చూపించాను. అక్కడి అతను చూడగానే గుర్తుపట్టాడు. "తెల్లదోమలో ఇది కొత్తరకం. బయటి దేశం నుంచి వచ్చిందంట. ఆకు అడుగున సుడులు సుడులుగా గుడ్లు పెడతాది. మందు రాసిస్తా, కొట్టుకోండి." మందు కొట్టేది ఎక్కడ? కింద ఇడ్లీలు, పక్కన పూలు, ఇంకో పక్క పెళ్ళి పరుపులు. ఇంకేం దారి లేదా అని అడిగాను. "నీళ్ళు జోరుగా అడుగు నుంచి కొట్టినా రాలిపోతాది. వారానికొకసారి కొట్టాల. అయితే అన్నా," అని ఆగి నవ్వాడు, "అనంతపురంలో చెట్లకు తలస్నానమా!"

నవ్వనీ అనుకున్నాను. బండి తొక్కుతూ ఇంటికి వచ్చేలోపు మనసులో లెక్క వేసుకున్నాను. కావలసినవి నాలుగు: మోటారు, పంపు, నీళ్ళు, కరెంటు. మోటారు ఉంది. మిషన్‌కు బెల్టు తీసేస్తే ఖాళీగా ఉన్న ఒక హార్స్‌పవర్ మోటారు అదే. పంపు కోసం పాత ఇనుము అమ్మే గుజిరీ అంగళ్ళు తిరిగాను. చీనీ, అంటే బత్తాయి, తోటలకు మందు కొట్టే పాత స్ప్రేయరు పంపు ఒకటి, పిస్టన్ వాషర్లు అరిగిపోయి, ఇనుము ధరకు దొరికింది. వాషర్లు తోలుతో నేనే కోసి వేశాను.

నీళ్ళకు, కరెంటుకు ఒకే చోటు. వీధి చివర లారీలు, జీపులు కడిగే వాటర్ సర్వీసింగ్. ఆయన బోరులో నీళ్ళున్నాయి, కానీ ఉప్పు. ఆ నీళ్ళతో టీ పెడితే పాలు విరుగుతాయి, పప్పు ఉడకదు. తాగే నీళ్ళు చెట్టుకు పోశారని ఎవరూ అనలేరు.

"అంటే ఏమిప్పా," అన్నాడు సర్వీసింగ్ ఆయన అంతా విని. "చెట్ల నుంచి బంక పడతాంటేనే కదా జీపులోళ్ళు వారానికి రెండుసార్లు కడిగిచ్చుకుంటాండేది. దాన్ని పోగొట్టనీకి నా నీళ్ళే నీకియ్యాల?"

"అవునన్నా."

"నా కరెంటు గూడా?"

"అవునన్నా."

ఆయన చేతిలోని నీళ్ళ పైపు కట్టేశాడు. "కడిగేంతసేపు ఆ డ్రైవర్లు యాడ కూసుంటారో తెలుసునా? మీ నాయన చెట్టు కింద. ఆ నీడ లేకపోతే బండి ఈడ ఆపరు. తీసుకపో. డ్రమ్ము పగలగొడితే మాత్రం ఊరుకోను."

తోపుడు బండి మీద డ్రమ్ము, దాని పక్కన చెక్కకు బోల్టులు వేసి మోటారు, పంపు. సర్వీసింగ్ నుంచి పొడవాటి వైరు. నీళ్ళలో సబ్బు కలిపితే మైనం వదులుతుందని బట్టల సబ్బు తురిమి డ్రమ్ములో వేశాను. ఇక్కడ దెబ్బ తిన్నాను. ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు, విరిగిపోయి తెట్టు కడుతుంది. ఆ తెట్టు నాజిల్‌కు అడ్డం పడింది, పైపు ఊడి వచ్చి బెంచీల మీద చిమ్మింది. హోటలాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గట్టిగా నవ్వాడు.

"చూడండప్పా, చెట్టుకు నీళ్ళు పోయమంటే నాకు పోసినాడు మా ఇంజనీరు!"

వీధంతా నవ్వింది. పూలక్క కూడా నవ్వింది. నేను తలంతా తడిసి, పైపు పట్టుకుని నిలబడ్డాను.

అంతలోనే కట్టెల డిపో నుంచి మనుషులు వచ్చే రోజు ఖాయమైంది. అనుమతి ఉందని హోటలాయన అన్నాడు. కాయితం ఎవరూ చూడలేదు. "ముందర నా చెట్లే కొట్టిస్తా. అప్పుడు ఎవరికీ నోరు ఉండదు," అన్నాడు. అన్నట్టే మొదట హోటలు ముందరి రెండూ పడ్డాయి. తర్వాత వాటి పక్కవి రెండు. పొద్దున ఏడుకు మొదలుపెట్టి పదకొండు లోపల నాలుగు చెట్లు రోడ్డు మీద పడుకున్నాయి. వాటి ఆకులు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఐదోది మాది.

ఆ రోజు మా నాయన చేసిన పని ఇంతకు ముందు ఎప్పుడూ చేయలేదు. కుందుర్పి పక్క నుంచి ఒక పెళ్ళి పరుపు ఆర్డరు ఉంది. దూది నల్లరేగడి ఊళ్ళది, విడపనకల్లు వైపుది, మంచి పొడవు పీచు. మామూలుగా కొంచెం కొంచెం ఏకి, ఏకినదాన్ని వెంటనే గుడ్డ సంచిలో కూరుతూ పోతాడు. ఎందుకంటే ఏకిన దూది ఒకటికి పదింతలు ఉబ్బుతుంది, దాన్ని కదిలించలేం. ముట్టుకుంటే లేస్తుంది. ఆ రోజు తెల్లవారకముందే వచ్చి మొత్తం దూది ఏకేశాడు. సంచిలో కూరలేదు. మాను చుట్టూ, గోడ దాకా, మోకాలెత్తున పరిచాడు. చెట్టు కింద దాని నీడంత తెల్లటి కుప్ప. దాని మధ్యలో కూర్చుని విల్లు కొడుతున్నాడు.

రంపం పట్టుకున్న మనిషి వచ్చి కుప్ప అంచున ఆగాడు. "లెయ్ అన్నా, కొమ్మలు పడతాయి."

"లేస్తానప్పా. దూది ఎత్తు, లేస్తా."

"నువ్వే ఎత్తుకో."

"ఇప్పుడు ఎత్తితే వీధంతా పోతాది. పరుపులో కూరాల, కుట్టాల. సాయంత్రం అయితాది. నీకు తొందరయితే నువ్వు ఎత్తు. ఒక పోగు గాలికి పోకుండా ఎత్తు చూస్తాం."

ఆ మనిషి అడుగు ముందుకు వేయబోయాడు. అప్పుడే పరుపు తీసుకుపోవడానికి వచ్చి గోడ పక్కన బీడీ కాలుస్తున్న కుందుర్పి ఆయన లేచాడు. పెళ్ళికూతురు మేనమామ.

"ఏమప్పా! నా మేనకోడలు పండుకునే దూది మీద కాలు పెడతావా? పెట్టు చూస్తా. పెట్టు!"

"నేను చెట్టు కొట్టనీకి వచ్చినా, అన్నా."

"పెండ్లి పరుపు మీద చెట్టు పడేస్తావా? మీ ఊళ్ళో ఇట్లనే చేస్తారా?"

పూలక్క తన చెట్టు కింద నుంచి కేకేసింది: "దాని తర్వాత నా చెట్టు కొట్టనీకి వస్తావు కదా. రా. నీడ లేకపోతే నా పూలు పదిగంటలకే వాడతాయి. వాడిన పూలు మీ ఆడోళ్ళు పెట్టుకుంటారేమో అడుక్కోని రా."

హోటలాయన వచ్చాడు, గొంతు పెంచాడు, డిపో మేస్త్రీని పిలిపిస్తానన్నాడు. నాయన ఆయన వైపు చూడలేదు. టుంయ్, టుంయ్. రంపం మనుషులు వంటి మీద పాకే ఎర్రచీమలను దులుపుకుంటూ, రేపు పొద్దున వస్తామని పోయారు.

అంటే నాకు మధ్యాహ్నం ఉంది.

మా ఇంట్లో ఉప్పునీళ్ళతో తలంటుకునేటప్పుడు సబ్బు ఎవరూ వాడరు. కుంకుళ్ళు వాడతారు. ఉప్పునీళ్ళలో కూడా కుంకుడు నురగ ఇస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆ నురగతో కళ్ళు మండినవాణ్ణి. అయినా డ్రమ్ములో సబ్బు వేసినప్పుడు నాకు ఇది తోచలేదు, పైపు ఊడి అందరూ నవ్వాక తోచింది. అప్పటికే చెట్లు పడుతున్నాయి. ఇంటికి పోయి అమ్మను అడిగాను.

"నా తలకు పెట్టుకునే కుంకుళ్ళు చెట్టుకా?" అంది. తర్వాత డబ్బా మొత్తం తెచ్చి, తనే రాయితో కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో పిసికి, గుడ్డలో వడకట్టింది. "నాజిల్‌కు అడ్డం పడకుండా రెండుసార్లు వడగట్టినా. ఈసారి ఊడితే నీదే తప్పు."

ఊడలేదు. నాయన దూదంతా పరుపులో కూరి మూతి కుట్టి కుందుర్పి ఆయనకు అప్పగించిన వెంటనే మొదలుపెట్టాను. కింద నుంచి పైకి, ఆకు అడుగుకు తగిలేట్టు. మొదట నూగు పాలవంటి నీళ్ళుగా పోయింది. తర్వాత నల్లటి మసి కాటుక నీళ్ళుగా కారింది. మా చెట్టు, పూలక్క చెట్టు, ఆ తర్వాతవి. డ్రమ్ము అయిపోతే సర్వీసింగ్ దగ్గరికి తోసుకుపోయి నింపుకుని రావడం. లారీ డ్రైవర్లు ఇద్దరు అడగకుండానే బండి తోశారు. బాగా చీకటి పడేసరికి ఏడు చెట్లూ కడిగాను. నా చొక్కా ఆ తర్వాత పనికి రాలేదు.

మరునాడు రంపం మనుషులు వచ్చారు. హోటలాయన ముందే నిలబడి ఉన్నాడు. ఆకులు ఆకుపచ్చగా ఉన్నాయి. కింద నేల జిగురు లేదు. రంపం మనిషి ఒక ఆకు తిప్పి చూశాడు.

"కొట్టు," అన్నాడు హోటలాయన.

"యాల కొట్టాల, ఏం లాభమని?" అన్నాడు అతను. "ఈ కట్టె పొయ్యికి గూడా సరిగ్గా పనికిరాదు. నిన్న నాలుగు తీసుకపోయినందుకే మా ఓనరు తిట్టినాడు. డిపో అంతా చీమలే. చూడు, చెయ్యి ఇంకా వాసి ఉండాది." నిజంగానే మోచేతి దాకా వాచి ఉంది. "కడిగిన చెట్టే కదా, ఉండనీ. నేను పోతా."

చీమలు మా పక్షాన ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఆరు ఆదివారాలు కడిగాను. తెల్లదోమ మళ్ళీ వచ్చేది, మళ్ళీ కడిగేవాణ్ణి. దానికి రెక్కలున్నాయి, నాకు పంపు ఉంది. వానలు పడ్డాక తగ్గింది. మరుసటి ఏడాది ఇంకా తగ్గింది. అప్పుడు భూతద్దంతో చూస్తే తెల్లటి గుల్లల మధ్య కొన్ని నల్లబడి, వాటికి గుండ్రటి చిన్న బెజ్జాలు కనిపించాయి. దాన్ని లోపలి నుంచి తినే వేరే పురుగు ఏదో వచ్చిందన్నమాట. మంచిదే. చెట్లను నేనొక్కడినే బతికించానని నేను చెప్పుకోను. కానీ అవి చచ్చిపోతాయని చెప్పినవాళ్ళ మాట మాత్రం ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. మా నాయన దూదే చెట్లకు పట్టిందని ఇప్పటికీ ఆ వీధిలో అనేవాళ్ళు ఉన్నారు. ఎవరైనా అంటే జేబులోంచి అగ్గిపెట్టె తీస్తాను.

హోటలు ముందర ఆ ఎండాకాలం ఇంకేం నీడ లేదు. హోటలాయన రేకుల షెడ్డు వేశాడు. దాని కింద కూర్చుంటే మనిషి ఉడికిపోయేవాడు. జనం హోటల్లో టీ కొని, గ్లాసు పట్టుకుని, మా చెట్టు కిందికి వచ్చి తాగేవాళ్ళు. గ్లాసులు ఏరుకుపోవడానికి హోటలాయనే రోజూ రావలసి వచ్చేది. ఒకరోజు ఏరుకున్న గ్లాసులతో అక్కడే నిలబడ్డాడు.

"సాయిబూ, ఫ్యూజు పెట్టినా."

నాయన కుడుతున్న దబ్బనం ఆపలేదు. "ఎవురు పెట్టమన్నారు?"

"ఎన్నాళ్ళు కొడతావప్పా ఆ విల్లు? భుజం పోతాది."

"నా భుజం నా ఇష్టం. నేను నీ కరెంటు తీసుకోవాలంటే నాకు ఒకటి కావాల."

"చెప్పు."

"నీ హోటలు ముందర రెండు చెట్లు కొట్టినావు. రెండు నాటు. అవి చిగురు పెట్టినాక ఆ కరెంటు తీసుకుంటా. అంతవరకూ ఫ్యూజు నీ జేబులోనే పెట్టుకో."

హోటలాయన గ్లాసులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు. బాదం కాయలు రెండు తెచ్చి పాతిపెట్టాడు. సర్వీసింగ్ నీళ్ళు ఉప్పని, తన హోటలు నీళ్ళే పోశాడు. విల్లు చప్పుడు వానాకాలం దాకా వినిపించింది. మొలకలు చిగురు పెట్టాక మోటారును బండి మీది నుంచి దించి మళ్ళీ మిషన్‌కు బిగించాను. రెండు మొలకల్లో ఒకటి మేకలు తిన్నాయి. ఒకటి బతికింది.

ఆ వీధిలో ఇప్పుడు బాదం చెట్లు ఎనిమిది.